కలెక్టరమ్మకు మేత, నాకు ఆయాసం

ఈ వాక్యాన్ని ఇప్పుడు నేను మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఎవరి భుజమూ పట్టుకోకుండా, ఏకబిగిన పైకి చదవగలను. పోయిన శీతాకాలంలో అయితే ప్రతి మాటకూ ఒక స్టేషను పెట్టి, ప్యాసింజరు బండిలా ఊపిరి ఎక్కించుకుంటూ దింపుకుంటూ చదివేవాణ్ణి. గండం గడిచింది కనుక రాస్తున్నాను. రాస్తే నాకు కొంత ధైర్యం. చదివితే మీ బాల్కనీ వైపు మీరొకసారి అనుమానంగా చూస్తారని ఆశ.

అక్టోబరు

మాది తెనాలి పక్క. ఉండేది నోయిడాలో, పద్నాలుగో అంతస్తులో. ఉద్యోగం సాఫ్ట్‌వేరులో తప్పులు పట్టడం. లోకంలో ఉన్న తప్పులన్నీ పట్టి జీతం తీసుకునే మనిషికి సొంత బాల్కనీలో తప్పు ఎందుకు కనపడలేదో మీకే తెలుస్తుంది.

మా బాల్కనీకి ఎదురుగా, రోడ్డుకు అవతల, బిల్డరు సగంలో వదిలేసిన టవరొకటి ఉంది. గోడల్లేవు, కిటికీల్లేవు, ఉత్త కాంక్రీటు అస్థిపంజరం. అందులో ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్ళు ఏళ్ళ తరబడి తాళాల కోసం ధర్నాలు చేస్తుంటే, ఒకావిడ మాత్రం ఏ రిజిస్ట్రేషనూ లేకుండా పై అంతస్తులో గృహప్రవేశం చేసేసింది. బైరి డేగ. నల్లటి మీసకట్టు, పొట్ట మీద చారలు, పసుప్పచ్చటి కాళ్ళు. ఎక్కడో ఉత్తరాన మంచు దేశాల నుంచి ఏటా దసరా వెళ్ళాక మా మీదికి బదిలీ అయి వస్తుంది, ఎండలు ముదరకముందే వెళ్ళిపోతుంది. ఉన్నన్నాళ్ళూ ఎత్తున కూర్చుని జిల్లా మొత్తాన్ని తనిఖీ చేస్తుంది కనుక కలెక్టరమ్మ అని పేరు పెట్టాను. కలెక్టరమ్మ రెక్కలు ముడిచి కిందికి దూకిందంటే భూమి ఒక పక్కకు ఒరుగుతుంది, మా ఇంట్లో స్టీలు గిన్నెలు మోగుతాయి. అవి ప్రెషర్ కుక్కరు వల్ల మోగాయని నా భార్య లలిత అంటుంది. లలితకు శాస్త్రీయ దృక్పథం తక్కువ.

ఈసారి ఆవిడ వచ్చిన ఆనందంలో సొసైటీ వాట్సాప్ గ్రూపులో, నా సొంత హిందీలో, "సామ్‌నేవాలే టవర్ పే బైరీ ఆ గయీ హై!" ఎదురు టవరు మీదికి బైరి వచ్చేసిందని ప్రకటించాను. మన బైరి హిందీలో కాలు పెట్టగానే శత్రువు అయిపోతుందని నాకేం తెలుసు? నా కాఫీ చల్లారేలోపు గార్డులు లాఠీలు పట్టుకుని గేటు మూసేశారు. మూడో అంతస్తు కల్నల్ అంకుల్ స్వెటర్ మీద బెల్టు బిగించుకుని దిగొచ్చి, "కితనే హైఁ?" ఎంతమందున్నారని నన్ను గద్దించారు.

"ఏక్ హీ హై సర్. లేకిన్ బహుత్ సుందర్ హై," అన్నాను.

అప్పటినుంచి కల్నల్ అంకుల్ నన్ను చూడగానే లిఫ్టు తలుపు మూసే బటన్ నొక్కుతారు.

ఇక పావురాలు. మా టవర్లో అన్ని బాల్కనీలకూ కబూతర్ జాలీ ఉంది, అంటే పావురాలు రాకుండా నైలాను వల. మా ఫ్లాటుకు ఒక్కదానికే లేదు. వల వేస్తే నా దుర్భిణికి అడ్డం. అంతకంటే ముఖ్యం, పావురాలు కలెక్టరమ్మ రేషను. రేషను షాపుకు తాళం వేస్తే అధికారి జిల్లాలో ఉంటారా? టవర్లోని తక్కిన ఇళ్ళవాళ్ళు తరిమేసిన పావురాలన్నీ మా ఏసీ పెట్టె వెనక ప్రసూతి ఆసుపత్రి తెరిచాయి.

"ఆవిడ కాపురం ఎదురు టవర్లో కదండీ, మెస్సు మన బాల్కనీలో ఎందుకు?" అని లలిత అడిగింది. చివరికి సంధి కుదిరింది. పావురాలు నావి, ఊడ్చే పనీ నాదే. ఆదివారం ఆదివారం ఎండిన రెట్టను చీపురుతో బరబరా ఊడ్చేవాణ్ణి. తెల్లటి దుమ్ము లేచేది. ఆ దుమ్ములో నిలబడి, కలెక్టరమ్మ వైపు చూస్తూ, లోతుగా ఊపిరి పీల్చుకుని 'ఆహా' అనుకునేవాణ్ణి.

నవంబరు, డిసెంబరు

దీపావళి నాటికి దగ్గు వచ్చింది. ఢిల్లీ చుట్టుపక్కల దగ్గును ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు, అది ఇక్కడి నివాస ధ్రువపత్రం. ఆఫీసులో నేను దగ్గితే పక్క సీటువాడు దగ్గి బదులిచ్చేవాడు. మీటింగుల్లో సగం నిర్ణయాలు దగ్గుల మీదే జరిగిపోయేవి. ఇంట్లో గాలి శుద్ధి చేసే యంత్రం కొన్నాం. అది పాపం రాత్రింబవళ్ళు ఎర్ర లైటు పెట్టుకుని నావైపే చూసేది. వీధి చివరి డాక్టరు సిరప్ రాసి, "పొల్యూషన్ హై జీ," అన్నాడు. ఇక్కడ డాక్టర్లందరూ డిసెంబరు దాకా ఆ ఒక్క మాట మీదే బతికేస్తారు.

తర్వాత బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగితే లేవడం కష్టమైంది. మెట్రో మెట్ల మధ్య ఆగి, ఎవరిదో చాలా ముఖ్యమైన మెసేజి వచ్చినట్టు ఫోను చూసుకునేవాణ్ణి. రైలు వెళ్ళిపోయేది. ఇంకో రైలు వస్తుంది కదా అని నాకు నేనే హుందాగా చెప్పుకునేవాణ్ణి.

డిసెంబరులో విజయవాడలో పెళ్ళికి వెళ్ళాం. అక్కడ నాలుగు రోజులకు దగ్గు మాయమైంది. బంతిలో మూడుసార్లు గోంగూర అడిగి, డోలు కొట్టేవాడి పక్కన నిలబడి తల ఊపాను. బంధువులందరూ ఏకగ్రీవంగా "చూశావా, ఢిల్లీ గాలే నిన్ను చంపుతోంది" అన్నారు. నేనూ ఒప్పుకున్నాను. ఆ క్షణంలో నిజం మా అందరి మధ్యా విస్తరి వేసుకుని కూర్చుంది. ఎవరూ దానికి వడ్డించలేదు.

తిరిగొచ్చేసరికి పావురాలు మేం లేని సందు చూసుకుని బాల్కనీని సర్వనాశనం చేసి ఉన్నాయి. గడప దాటిన పూటే చీపురు పట్టాను. సాయంత్రానికి చలి, జ్వరం. మర్నాటికి మంచం నుంచి బాత్రూముకు నడవడం నాకు అమర్‌నాథ్ యాత్ర అయింది. మధ్యలో గుమ్మం పట్టుకుని నిలబడితే మా అమ్మాయి శ్రావ్య పుస్తకం పక్కన పెట్టి వచ్చింది. పన్నెండో తరగతి, బోర్డు పరీక్షల పిల్ల. "పాపా, యువర్ లిప్స్ ఆర్ బ్లూ. మమ్మీ! ఇధర్ ఆవో జల్దీ!" అంది. తెలుగు అర్థమవుతుంది కానీ భయం మాత్రం హిందీలోనే వస్తుంది దానికి.

జనవరి

ఆసుపత్రి వెయిటింగ్ హాలు గురించి నేనొక కావ్యం రాయగలను. అందులో ఇనుప కుర్చీలు ఉంటాయి. వాటిని హిమాలయాల్లో తయారుచేసి, చల్లదనం పోకుండా ఇక్కడికి తెస్తారు. టోకెను నంబరు పలికే ఆడగొంతు ఒకటి ఉంటుంది. నీ నంబరు దగ్గరికి వచ్చేసరికి అది టీ తాగడానికి వెళుతుంది. నా ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, ఒళ్ళో నా బూట్లు. ఎందుకు విప్పారో, నా చేతికే ఎందుకిచ్చారో నేటికీ తెలియదు.

లలిత నాకు వినపడకూడదని స్తంభం పక్కకు వెళ్ళి ఫోనులో తన తమ్ముడితో మాట్లాడుతోంది. "ఏమీ చెప్పట్లేదురా వీళ్ళు. ఈయన జోకులేస్తున్నారు. జోకులేస్తున్నారంటే నాకు ఇంకా భయంగా ఉంది," అంటోంది.

ఆ మాటలు విని వెనక కుర్చీలోంచి ఒకామె లేచింది. కంటోన్మెంట్‌లో ఉండే జవాను భార్య. మామగారిని చూపించడానికి తీసుకొచ్చిందట.

"తెలుగోలేటండీ? మాది ఆమదాలవలస. పొద్దుట్నించి ఏటి తిన్నారేటి?"

లలిత ఏమీ తినలేదని తల ఊపింది. ఆమె టిఫిను డబ్బా మూత తీసి, అందులోని పులిహోర సగం మూతలోకి వంచి, లలిత చేతిలో పెట్టింది. "ఏడిస్తే ఏడవండి గానీ తిని ఏడవండి. బలముండాల కదా," అంది. పేరు అడిగేలోపు ఆమె నంబరు పిలిచారు. ఆ పులిహోరలో పల్లీలు ఎక్కువ, ఉప్పు తక్కువ. నా జన్మలో అంతకంటే గొప్ప పదార్థం నేను తినలేదు. మింగడానికి మూడుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది, అయినా లలిత వాటాలో సగం లాక్కున్నాను.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ హర్యానా మనిషి. స్కాను లైటు మీద పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసి, "ఘర్ మే కోయీ పంఛీ?" ఇంట్లో పక్షులేమైనా ఉన్నాయా అని అడిగింది.

ఎంత జబ్బులో ఉన్నా ఆ ప్రశ్నకు నా ముఖం వెలిగింది. "హై మేడమ్... ఏక్... బైరీ హై," అన్నాను.

డాక్టరమ్మ కనుబొమలు పైకి వెళ్ళాయి. "బైరీ? దుష్మన్? ఘర్ మే?" అని అనుమానంగా లలిత వైపు చూసింది.

"నేను కాదండీ!" అంది లలిత తెలుగులో, కంగారుగా. తర్వాత హిందీ అందుకుంది. "బాజ్ మేడమ్, బాజ్! డేగ! ఈయనకు పెళ్ళాంకంటే అదే ఇష్టం. అంతా ఆ డేగ వల్లే. నాకు ముందునుంచీ అనుమానమే."

"బాజ్ ఇంట్లోకి వస్తుందా?"

"రాదు. రోడ్డుకు అవతల, పెద్ద టవరు పైన," అన్నాను. నా కలెక్టరమ్మను నిందితుల బోనులో నిలబెడుతుంటే చూడలేకపోయాను.

"మరి ఏం తింటుంది?"

"కబూతర్."

"ఆ కబూతర్లు ఎక్కడుంటాయి?"

లలిత తల మెల్లగా నావైపు తిరగడం నాకు కనపడుతోంది. డేగను వెతుక్కుంటూ బయలుదేరిన డాక్టరమ్మ సరిగ్గా పావురం మీద వాలింది. చీపురు, దుమ్ము, ఆదివారాలు, విజయవాడ పెళ్ళి, అన్నీ లలితే చెప్పింది. నేను చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది. వల ఎందుకు వేయించలేదో. అది చెప్పడానికి నాకు ఊపిరి చాల్లేదు అని మీకు చెబుతున్నాను. నిజానికి మొహం చెల్లలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు. "మీ ఊపిరితిత్తులు శత్రువును ఎప్పుడో గుర్తుపట్టి యుద్ధం మొదలెట్టాయి," అని హిందీలో నెమ్మదిగా చెప్పింది. "ఆప్ నే నహీఁ పహచానా." గుర్తుపట్టనిది మీరే అని.

నా జబ్బు పేరు చెబితే నాకింకా ఆయాసం వస్తుంది. తేలిక భాషలో పావురాలు పెంచేవాళ్ళ జబ్బట. నేను పెంచలేదు, పెరగనిచ్చాను. రెట్ట దుమ్మూ ఈకల పొడీ కొందరి ఛాతీలో వాపు తెస్తాయి. వాపు ఉన్నంతవరకు మందులకు లొంగుతుంది. మచ్చ కట్టిందా, ఆ మేరకు ఊపిరితిత్తి ఇక తిరిగి రాదు. నాకు కింది భాగంలో అప్పటికే కొంత మచ్చ కట్టింది. మందు ఎంత వేసినా, ముఖ్యమైన వైద్యం పావురాలకు దూరంగా ఉండటమే. మార్చిలో మళ్ళీ పరీక్ష చేస్తామన్నారు. జబ్బు ఆగకపోతే ఇల్లే మారాలి.

వార్డులో ఉన్న ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పను. ఊపిరి అందకపోవడంలో పెంచి చెప్పడానికి ఏమీ లేదు. ఎంత పెంచినా దానికంటే చిన్నదే అవుతుంది. బయటికి వదిలిన ఊపిరికి బదులు ఇంకోటి వస్తుందన్న నమ్మకం మనకు ఎంత ఉందో, అది పోయేదాకా తెలియదు. లలిత నా మంచం పట్టీ మీద చెయ్యి వేసి కూర్చునేది. నా ఛాతీ లేస్తోందా లేదా అని చూసేది. నేను కళ్ళు తెరిస్తే గోడ గడియారం చూస్తున్నట్టు నటించేది.

ఫిబ్రవరి

ఆసుపత్రి నుంచి తిన్నగా ఇంటికి పోనివ్వలేదు. వైశాలిలో మా బావమరిది ఇంట్లో, కింది అంతస్తులో, నన్ను దించి, లలిత మా ఫ్లాటు మీదికి దండయాత్రకు వెళ్ళింది. మనుషుల్ని పెట్టి, దుమ్ము లేవకుండా అంతా తడిపి కడిగించింది. ఈకల దిళ్ళు బయటికి విసిరేసింది.

మా ఫ్లాటుకు కింది అంతస్తులో శర్మా ఆంటీ పోయిన భర్త పేరు మీద రోజూ బాల్కనీ వలకు అవతల, గట్టు మీద పావురాలకు జొన్నలు వేస్తారు. లలిత వెళ్ళి విషయం చెప్పింది.

"బేటీ, దానా డాల్నా పుణ్య కా కామ్ హై," గింజలు వెయ్యడం పుణ్యకార్యం అన్నారట ఆవిడ, తలుపు సగమే తీసి.

"ఆంటీజీ, ఇన్‌కీ సాఁస్ నహీఁ ఆ రహీ," ఈయనకు ఊపిరి ఆడట్లేదు అంది లలిత. అక్కడే నిలబడి ఏడ్చింది.

మర్నాటినుంచి జొన్నలు ఆగిపోయాయి. భర్త పుణ్యాన్ని ఆంటీ వీధికుక్కల ఖాతాకు మార్చారు. వాటికి రోజూ నెయ్యి రాసిన రొట్టెలు. మా వీధిలో ఇప్పుడు కుక్కలు మనుషుల్ని ఖాతరు చెయ్యవు.

నేను ఇంటికి వచ్చి తలుపు తీసేసరికి బాల్కనీకి వల. ఈ చివరినుంచి ఆ చివరికి, ఆకాశాన్ని గళ్ళు గళ్ళుగా కోసేసి. గాజు తలుపుకు గడియ. దుర్భిణి అటక మీద. అప్పటికి నేను మింగుతున్న మాత్రలు ముఖాన్ని పౌర్ణమి చంద్రుణ్ణి చేసి, కోపాన్నీ ఆకలినీ ఒకేసారి పెంచుతున్నాయి. ఒక చేత్తో గారె తింటూ గొడవ పెట్టుకున్నాను.

"నన్నడక్కుండా నా కళ్ళకు గంతలు కట్టిస్తావా?"

"మిమ్మల్ని అడిగే రెండేళ్ళు ఆగాను. ఏమొచ్చింది? ఆక్సిజన్ గొట్టం వచ్చింది."

"కలెక్టరమ్మ..."

"ఆ పేరు ఎత్తారంటే రేపే ఇల్లు ఖాళీ చేయిస్తాను! ఆవిడ మీకోసం ఒక్క పూట పస్తుంటుందా? మేం ఉన్నాం!"

శ్రావ్య గదిలోంచి వచ్చింది. "పాపా, షీ డజంట్ ఈవెన్ నో యువర్ నేమ్," అంది. తర్వాత, ఎప్పుడూ లేనిది, తెలుగులో, ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ అంది. "నాన్నా. నాకు... ఎగ్జామ్ హాల్లో... నీ దగ్గు వినపడుతుంది. నువ్వు అక్కడ లేకపోయినా."

గారె పళ్ళెంలో పెట్టేశాను. ఆ మాత్రల మీదున్న మనిషి తింటున్న గారె పక్కన పెట్టడం అంటే సామాన్యమైన విషయం కాదు.

లలిత షరతు పెట్టింది. మార్చి పరీక్షలో ఊపిరి ఒక్క మెట్టు దిగినా ఇల్లు ఖాళీ, వైశాలిలో కింది అంతస్తు, ఆకాశం కనపడని వీధి. ఒప్పుకున్నాను. ఒప్పుకుని, నడక మొదలెట్టాను. ముందు వరండా చివరిదాకా. తర్వాత లిఫ్టు దిగి గేటుదాకా. తర్వాత గేటు నుంచి పాల బూతు. పాల బూతు వరకు మాస్కు పెట్టుకుని వెళ్ళొచ్చిన రోజు, నాకు అడ్డంగా రిబ్బను కట్టి బ్యాండు పెట్టకపోవడం మునిసిపాలిటీ చేసిన పెద్ద అపరాధంగా తోచింది. ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి వదిలేవాణ్ణి. కల్నల్ అంకుల్ చూసి, నేను ఈల వేస్తున్నాననుకుని, ఎవరి కోసమని చుట్టూ వెతికారు. సంగతి తెలిశాక పొద్దున్నే గేటు దగ్గర నిలబడడం మొదలెట్టారు. నా పక్కన, నా నడకకు తగ్గట్టు, సైన్యంలో ఏనాడూ నడవనంత మెల్లగా నడిచేవారు. నేను ఆగితే ఆయన బూటు తాడు సరిచేసుకునేవారు. రోజూ అన్నిసార్లు ఊడే తాడు ప్రపంచంలో ఉండదు.

మార్చి

హోలీ వెళ్ళాక పరీక్ష. గొట్టంలోకి ఊదించారు, కారిడార్లో అటూ ఇటూ నడిపించారు, మళ్ళీ స్కాను తీశారు. ఇనుప కుర్చీలో కూర్చుని లలిత చెయ్యి నేనే పట్టుకున్నాను. ఇద్దరి చేతులూ ఆ కుర్చీకంటే చల్లగా ఉన్నాయి.

డాక్టరమ్మ రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టింది. వాపు చాలావరకు తగ్గింది. మచ్చ మాత్రం ఉన్నచోటే ఉంది, పెరగలేదు. "జో గయా, సో గయా. జో బచా హై, ఉసే బచానా హై," అంది. పోయింది పోయింది, మిగిలినదాన్ని కాపాడుకో. ఇల్లు మారక్కర్లేదు, వల తీయకూడదు, చీపురు ముట్టకూడదు, మూడు నెలలకోసారి వచ్చి కనపడాలి. పరుగు పందేలకు వెళ్ళే ఉద్దేశం ఉంటే మానుకోవాలి. నా ఆకారం చూసి కూడా ఆ మాట అన్నందుకు ఆవిడకు సదా కృతజ్ఞుణ్ణి.

మీకు చెప్పేది కూడా అదే. ఢిల్లీ గాలిని ఎంత తిట్టినా పాపం లేదు, కానీ ప్రతి దగ్గునూ దాని ఖాతాలో రాయకండి. ఊరు వెళితే తగ్గి, ఇంటికి రాగానే తిరగబెట్టే దగ్గు ఉంటే డాక్టరుకు ఆ మాట ముందు చెప్పండి. ఇంటి చుట్టూ పావురాలు ఉంటే, వాళ్ళు అడక్కపోయినా, అదీ చెప్పండి.

క్యాబులో ఇంటి దాకా వచ్చాక, కలెక్టరమ్మ టవరు వెనక ఉన్న ఖాళీ మైదానం దగ్గర దింపమన్నాను. అక్కడ పావురాలు వాలవు, గింజ దొరకదు కనుక. లలిత కూడా దిగింది. దుర్భిణి లేకుండా, మాస్కుతో, గడ్డిలో నిలబడ్డాం. కలెక్టరమ్మ ఇంకా బదిలీ కాలేదు. పై అంచున, చుక్కంత.

"ఏదండీ?" అంది లలిత. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. వేలు పెట్టి చూపించాను.

అంతలో చుక్క కదిలింది. పైకి లేచి, ఒక చుట్టు తిరిగి, రెక్కలు ముడిచింది. దూరంగా రోడ్డు మీద పావురాల గుంపొకటి పోతోంది. ఆకాశం నుంచి ఇనుప గుండు జారినట్టు వస్తోంది కలెక్టరమ్మ. నాకు ఒళ్ళు తెలియలేదు. మాస్కు కిందికి లాగి, "పట్టూ!" అని అరిచాను. నోయిడా దాటి, యమున దాటి, ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కు చదువుకుంటున్న పిల్లల ఏకాగ్రత చెదిరేలా అరిచాను.

పావురాల గుంపు రెండుగా చీలి, మళ్ళీ కలిసిపోయింది. కలెక్టరమ్మ వట్టి కాళ్ళతో పైకి లేచింది.

"తప్పిపోయిందే!" అన్నాను, నెత్తి కొట్టుకుంటూ. "వెంట్రుకవాసిలో..."

లలిత ఆకాశం వైపు చూడటం లేదు. నా ఛాతీ వైపు చూస్తోంది. తల కొంచెం వంచి, దేనికోసమో చెవి ఒగ్గి, కాసేపు ఆగింది. దగ్గు రాలేదు.

"ఇంకోసారి అరవండి," అంది.